చెయ్యెత్తకుండా ఒక గీత

వరద వంతెనను ఎత్తుకుపోయిన ఏడాది అది. నీళ్లు తీశాక, బెదిరిన మనసులు చూస్తామంటూ డాక్టర్లు బడిలో కూర్చున్నారు. బస్సుల మెకానిక్ భార్య కూడా వెళ్లింది. పలకలాంటి తెర చేతికిచ్చి ఇల్లు గీయమన్నారు. గీసింది.

డాక్టరమ్మ కంప్యూటర్ వంక చూసింది.

"బొమ్మ అందం దీనికి పట్టదమ్మా. చెయ్యి ఎక్కడ నొక్కింది, ఎక్కడ ఆగింది, అదే చూస్తుంది. వరదకు బెదిరినవాళ్లు గట్టిగా నొక్కి గీశారు. మీరేమో గీతగీతకీ చెయ్యెత్తారు. మధ్యలో ఎవరైనా పిలిచారా?"

"లేదండి. పిలుస్తారేమోనని."

తన మాట తనకే కొత్తగా వినిపించింది. నిజమే కదా. అన్నం ముందు నుంచి లేచింది, సగం అల్లిన జడతో లేచింది, జ్వరంలోనూ లేచింది. "చెవులు పనిచెయ్యవా నీకు?" అన్నాడు మొగుడు పెళ్లయిన కొత్తలో. అప్పట్నుంచీ పనిచేస్తూనే ఉన్నాయి, నిద్రలో కూడా. చిన్నప్పుడు బొగ్గుముక్కతో గోడ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే గీతలో రైలు గీసేది. ఆ చెయ్యి ఇదేనా అని వేళ్లు చూసుకుంది.

"ఇది చెప్పిందే నిజమని కాదు. మిమ్మల్ని అడగమంది, అడిగాను" అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఒక్క గీత చెయ్యెత్తకుండా గీయండి. వచ్చే వారం చూపిద్దురుగానీ."

రాత్రి భోజనాల దగ్గర మొగుడు నవ్వాడు.

"గీతలు చూసి మనసు చెప్పేస్తుందా? కూరలో ఉప్పెందుకు లేదో కూడా అడక్కపోయావా? అయినా మన గడప దాకా నీళ్లే రాలేదు, నీకు భయమేంటే?"

"నీళ్లకి కాదటండి. పిలుపుకట."

"బాగుంది! నిన్నెవరు పిలుస్తున్నారే అంతగా? ఏదీ, మంచినీళ్లు."

ఆమె లేచింది.

"అమ్మాయ్, నా కళ్లజోడెక్కడే?" గదిలోంచి అత్తగారు.

అటు వెళ్లింది.

మర్నాడు పొద్దున్న పాత క్యాలెండర్ కాగితం తిరగేసి వంటింటి గడప మీద కూర్చుంది. పెన్సిల్ ఆనించింది. కాగితం మీద ఇంటి గోడ లేస్తోంది.

"ఏమేవ్, తువ్వాలు!" స్నానాల గదిలోంచి మొగుడు.

భుజం అదిరింది. చెయ్యి లేవలేదు.

"ఏమేవ్!"

"గీత అవనివ్వండి." గీత ఆగలేదు.

నీళ్లు కారుతూ వచ్చి నిలబడ్డాడు. గోడ కప్పుగా మలుపు తిరుగుతోంది. పెన్సిల్ పట్టుకున్న వేళ్లు బిగుసుకుని తెల్లబడ్డాయి. వాటినే కాసేపు చూశాడు. దండెం మీది తువ్వాలు తనే లాక్కున్నాడు.

"అమ్మాయ్!" పిలిచింది అత్తగారు.

ఆమె తల ఎత్తేలోపే, "ఏం కావాలమ్మా?" అంటూ అతను గదిలోకి నడిచాడు.