ఎర్ర అంచు ముక్క

నేను ఒక పేకాటని. ఆ మాట వినగానే మొహం చిట్లించకండి. నా వల్ల ఎవరి కొంపా కూలలేదు. నాతో ఆడడానికి నలుగురు చాప పరుచుకుని కూర్చోనక్కర్లేదు, పోలీసులొస్తారేమోనని వాకిట్లో ఒకర్ని కాపలా పెట్టనక్కర్లేదు. నేను ఫోనులో ఉంటాను. నాతో ఒక్కరే ఆడాలి, అవతలి పక్క ఆడేది నేనే. నా ముక్కల్లో రాజులూ రాణులూ ఉండరు. చచ్చి లేచి తిరిగే జాంబీలుంటాయి. పుట్టుకే అలాంటిది, నన్నేం చెయ్యమంటారు?

నన్ను తయారుచేసింది రుబీనా అనే అమ్మాయి. విశాఖపట్నం కంచరపాలెంలో, మేడ మీద రేకుల గదిలో కూర్చుని. మంచి ఉద్యోగం మానుకుని మరీ నన్ను నెత్తిన పెట్టుకుంది. కంప్యూటర్లోకి ఎక్కకముందు నేను ఉత్త అట్టముక్కల్ని. ఇంట్లో పోగుపడిన శుభలేఖల్ని కత్తిరించి, వాటి వెనక నీళ్ల బిందె, బియ్యం సంచి, దుడ్డుకర్ర, టార్చిలైటు బొమ్మలు వేసింది. నా మొట్టమొదటి జాంబీని తిరగేస్తే ఎవరిదో పెళ్లి విందు, వేళ, వేదిక కనిపించేవి. ఆ దంపతులు ఇప్పుడెలా ఉన్నారో మరి.

నా ఆట చెప్తాను, తేలికే. ఊరంతా జాంబీలైపోయింది. మీరు సముద్రం ఒడ్డున పాత గోదాములో నలుగురైదుగురు మనుషులతో తలదాచుకున్నారు. ముప్ఫై రోజులు గడిస్తే పడవ వస్తుంది. రోజుకి ఐదు ముక్కలు చేతికొస్తాయి. తిండి, నీళ్లు, ఆయుధాలు, మనుషులు, మధ్యలో జాంబీలు. చీకటి పడేలోగా ఏదో ఒక ముక్కని గోతిలో పారెయ్యాలి. జాంబీ ఎవరినైనా కరిస్తే ఆ మనిషి బొమ్మకి ఎర్ర అంచు వస్తుంది. మూడు రోజుల్లోగా ఆ ముక్కని గోతిలో వెయ్యకపోతే వాడూ జాంబీ అయిపోయి మిగిలినవాళ్లని పీక్కుతింటాడు.

ఈ ఎర్ర అంచు మీద రుబీనాకి తగని మురిపెం. తెలిసిన మనిషిని చేజేతులా గోతిలో వేసేటప్పుడు జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారని ఆవిడ అంచనా. జనం ఏం చేశారో తెలుసా? మూడు రోజులు కూడా ఆగలేదు. కరిచిన పూటే గోతిలో పడేసి, చేతులు దులుపుకుని, మర్నాటి ముక్కలు పంచమన్నారు. పంచడం నా పని, పంచాను. కానీ నాకు బాధేసింది. ఆ మనుషులకి పేర్లున్నాయి. వాళ్లకి మొహాలు గీయడానికి రుబీనా మెడనొప్పి తెచ్చుకుంది.

నన్ను ఫోనులోకి దింపుకున్న కొద్దిమందిలో హైమ ఒకతి. పలాసకి దగ్గర్లో, ఉద్దానం పల్లెలో ఉండే డిగ్రీ పిల్ల. కాలేజీ బస్సులో మూడుసార్లు ఆడింది, మూడుసార్లూ పద్నాలుగో రోజుకే చచ్చింది. తర్వాత నా వంక చూడలేదు. మేనమామ కొత్త ఫోను కొనిచ్చాక పాతది వాళ్లమ్మ చేతిలో పెట్టింది. నన్ను తీసెయ్యాలని ఆ పిల్లకి తోచలేదు. నా అదృష్టం అక్కడే తిరిగింది.

వాళ్లమ్మ పేరు తవిటమ్మ. ఇరవై రెండేళ్లు జీడిపప్పు ఏరిన చెయ్యి. బల్ల మీద పప్పు గుమ్మరిస్తే చూపు పడేలోగా వేళ్లు కదిలేవట. ఏడాది కిందట ఆవిడ కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఆ ప్రాంతంలో ఆ జబ్బు కొత్త కాదు, ఆ పేరు చెప్తే ఎవరూ ఆశ్చర్యపోరు కూడా. అప్పట్నుంచి వారానికి మూడు రోజులు టౌన్లో డయాలసిస్. ఎడమ చేతికి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మిషన్లోకి పంపి కడిగి వెనక్కి పంపిస్తారు. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. కుడిచెయ్యి ఖాళీ. ఆ గదిలో సిగ్నల్ ఉండదు, పాటల్లేవు, సినిమాల్లేవు. సిగ్నల్ లేకుండా పనిచేసేది ఆ ఫోనులో నేనొక్కదాన్నే. నన్ను ఇష్టపడి తెరిచిందని గొప్పలు చెప్పుకోను. గత్యంతరం లేక తెరిచింది.

అయిదో తరగతి చదువు. ముక్క మీద అక్షరాలు కూడబలుక్కుని చదివేది. జాంబీల్ని పీనుగులనేది. "ఈ పీనుగులోల్లకి ఆకలెక్కువ" అని పక్క మంచం మీదున్నావిడతో చెప్పి నవ్వేది. తిండిని పొదుపుగా వాడడం, రోజుకెంతో లెక్కగా పంచడం ఆవిడకి నేను నేర్పక్కర్లేకపోయింది. ఎవరికీ చేతకాని పద్ధతిలో మొదటి పది రోజులు నెట్టుకొచ్చేది. ఆ తర్వాత ఎవరో ఒకర్ని జాంబీ కరిచేది, ముక్కకి ఎర్ర అంచు వచ్చేది. తవిటమ్మ దాన్ని గోతిలో వేసేది కాదు. బొటనవేలితో ఓ పక్కకి జరిపి ఉంచేది. మూడో రోజుకి గోదాము మొత్తం సర్వనాశనం. మళ్లీ మొదలెట్టేది, మళ్లీ ఉంచేది, మళ్లీ పోయేది. ఇలా పదకొండుసార్లు. నా నిబంధన అర్థం కాలేదేమోనని ఎర్రక్షరాల్లో మళ్లీ మళ్లీ చూపించాను. చదివి కూడా ఉంచేది. ఇంత మొండి మనిషిని నేను చూడలేదు.

ఆవిడ వెంట ఎప్పుడూ మొగుడు గున్నయ్య వచ్చేవాడు. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. ఒకరోజు పరీక్షకీ పరీక్షకీ మధ్య సెలవు దొరికి, అతని బదులు హైమ వచ్చింది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని వాళ్లమ్మ ఆట చూసింది.

"అమ్మా, ఎర్ర అంచుది ఉంచకూడదు. గోతిలో ఎయ్యాలి. అదే ఆట."

"ఎందుకెయ్యాల?"

"కరిచీసింది కదా. ఇంక పనికిరాదు."

తవిటమ్మకి చిర్రెత్తింది. "పనికిరాందంటూ ఏటుంతాదే గుంటా? నిండు పప్పుకి ఒక బుట్ట, బద్దకి ఒక బుట్ట, ముక్కకి ఇంకో బుట్ట. నలిగి పొడైపోయిందానికి కూడా డబ్బా ఉంతాది. నేలమీద పారబోస్తే మేస్త్రీ ఊరుకుంతాడా? ఈ ఆట సేసినోడికి బుట్ట ఎట్టడం తెల్దు."

నన్ను చాలామంది తిట్టారు. కష్టంగా ఉందన్నారు, సోదిగా ఉందన్నారు. బుట్ట లేదన్నవాళ్లు లేరు.

తవిటమ్మ నా మీంచి కళ్లెత్తకుండానే అడిగింది.

"నీ పరీచ్చలు ఎప్పటికైపోతాయి?"

"పదిహేనో తేదీకి."

"అదయ్యాక నాను ఇక్కడికి రాను. మీ అయ్యకి నువ్వే సెప్పు, నాను సెప్తే గోల సేస్తాడు. వారంలో మూడు రోజులు నాతోటే అయిపోతే మనిషి పనికెప్పుడెల్తాడు? ఎన్నాల్లని మోస్తారు? నన్ను ఒగ్గీండి."

ఆ మాటంటూనే ఆవిడ బొటనవేలు ఒక ఎర్ర అంచు ముక్కని గోతికి దూరంగా జరుపుతోంది. ఆవిడకది కనబడలేదు. హైమకి కనబడింది. ఏడుపు దిగమింగుకుని, నీళ్లు తాగొస్తానని బయటికెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే హైమ రుబీనాకి ఉత్తరం రాసింది. ఆటకి అడుగున ఆవిడ ఈమెయిల్ చిరునామా ఉంటుంది. మా ఫోను ఆటలు ఒకేసారి పది చోట్ల ఉండగలవు కాబట్టి అక్కడ జరిగిందీ నాకు తెలుసు. నిజానికి ఆ వారం రుబీనా నన్ను మూసెయ్యాలని చూస్తోంది. ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకుంటోంది. ఉత్తరం మొదటి పేరా చదివి ఒళ్లు మండిపోయింది. "మీ ఆటలో బుట్ట పెట్టండి. పదిహేనో తేదీలోగా పెట్టగలరా?" అని ఉంది అందులో.

"ఎవరండీ ఈ పిల్ల, నాకే గడువు పెడుతోంది!" అని గదిలో గోడలకి వినిపించేలా అంది.

తర్వాత రెండో పేరా చదివింది. అందులో వాళ్లమ్మ అన్న మాటలు అన్నట్టే రాసుంది. రుబీనా అప్పటిదాకా నింపుతున్న దరఖాస్తు మూసేసింది.

మర్నాటి నుంచి నన్ను కోసి కుట్టడం మొదలుపెట్టింది. చెప్పినంత తేలిక కాదు. ఎర్ర అంచు మనుషుల్ని ఊరికే ఉంచేస్తే ఆటలో భయం పోయింది. వాళ్లకి తిండి ఖర్చు పెడితే ఉత్త బరువైపోయారు. నాలుగు రోజులు తల పట్టుకుని, అయిదో రోజు హైమకి ఫోన్ చేసింది.

"డయాలసిస్ లేని రోజుల్లో మీ అమ్మగారు ఇంట్లో ఏం చేస్తారమ్మా?"

"ఏమీ చెయ్యలేదండీ, ఓపికుండదు. కానీ ఊళ్లో అందరూ జీడిపిక్కలు అమ్మకి చూపించుకునే ఎండబెట్టడం ఆపుతారు. చేత్తో గలగలలాడించి తేమ ఉందో లేదో చెప్పేస్తాది. ఆ శబ్దం మా ఎవరికీ తెలీదు."

"చాలు" అని పెట్టేసింది రుబీనా. పాపం, హైమ తనేదో తప్పు మాట్లాడాననుకుంది.

ఆరో తేదీన నాకు కొత్త ప్రాణం వచ్చింది. గోతి పక్కన ఒక వెదురుబుట్ట వెలిసింది. ఎర్ర అంచు వచ్చిన మనిషిని ఇప్పుడు అందులో ఉంచుకోవచ్చు. కాకపోతే రోజు విడిచి రోజు మీ మనుషుల్లో ఒకరు ఆ బుట్ట పక్కన కూర్చోవాలి. ఆ పూట వాళ్లు ఇంకో పనికి వెళ్లరు. కూర్చుంటే జబ్బు ముదరదు, కూర్చోకపోతే ముదురుతుంది. జాంబీలు ఎటునుంచి వస్తాయో బుట్టలో మనిషికి ఒకరోజు ముందే తెలుస్తుంది. ఆ చప్పుడు మిగిలినవాళ్లకి వినబడదు. హైమ వాళ్లమ్మ ఫోనుని బస్టాండు దాకా పట్టుకెళ్లి, సిగ్నల్ దొరికేదాకా తిరిగి నన్ను కొత్తగా దింపింది. తల్లికి మాత్రం ఏమీ చెప్పలేదు.

మర్నాడు డయాలసిస్ మంచం మీద తవిటమ్మ నన్ను తెరిచింది. బుట్ట చూసి, "ఇదెప్పుడెట్టినారు?" అంది. ఆటలో ఏడో రోజు జాంబీ ఒకణ్ణి కరిచింది. బుట్టలో పెట్టింది. ఒకర్ని పక్కన కూర్చోబెట్టింది. పన్నెండో రోజు ఇంకొకామె. ఆమెకీ చోటిచ్చింది. ఒకపూట గోదాములో ఆయుధం పట్టేవాడు ఒక్కడే మిగిలాడు, అయినా బుట్ట పక్కన మనిషిని లేపలేదు. తోడు కూర్చోబెట్టడానికి ఒక్కసారి కూడా ఆవిడ బొటనవేలు తటపటాయించలేదు. నేను లెక్కపెట్టాను కదా, నాకు తెలుసు. ముప్ఫయ్యో రోజు పడవ వచ్చింది. ఎర్ర అంచు మనుషులిద్దరితో సహా అందరూ ఎక్కారు. నేను బాకాలూదాను, తారాజువ్వలు వదిలాను. తవిటమ్మ మాత్రం పడవ వంక అనుమానంగా చూసి, "ఇంతమందికి సాలతాదా ఇది?" అంది. గెలిచినవాళ్లలో సంతోషించడం రాని మనిషిని ఆవిడనే చూశాను.

కానీ అప్పట్నుంచి ఆట ఆపి ఏదో ఆలోచించేది. పక్క స్టూలు మీద గున్నయ్య గోడకి చేరబడి కునుకు తీస్తుంటే అతని వంకే చూస్తూ ఉండేది. ఓ మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేసింది.

"ఏటయ్యా, ఇలగ కూకుంటే నీకు ఇసుగు రాదా?"

గున్నయ్య కళ్లు నులుముకున్నాడు. "ఇసుగేటే? ఇక్కడ ఏసీ ఉన్నాది. సెట్టెక్కితే ఏసీ ఉంతాదా?"

"కాదు, నిజిం సెప్పు. నా పక్కన కూకుని నీ రోజులు పోతన్నాయి కదా."

"ఎక్కడికి పోతన్నాయి? ఇక్కడే ఉన్నాయి కదా, నీ కాడే" అన్నాడు. అని మళ్లీ గోడకి చేరబడ్డాడు. అతనికి అదేమీ గొప్ప మాటలా తోచలేదు. తవిటమ్మ ఆ రోజు ఇంక ఆడలేదు. నన్ను తెరిచే ఉంచి, పంచిన ముక్కలు అలాగే వదిలేసి, కుడిచేత్తో కళ్లు తుడుచుకుంది.

పదిహేనో తేదీ వచ్చింది, వెళ్లింది. హైమ ఆఖరి పరీక్ష రాసొచ్చింది. ఏమంటుందోనని తల్లి వెనకాలే తిరిగింది. తండ్రికి ఆ కబురు ఆ పిల్ల చెప్పనే లేదు. తవిటమ్మ ఊసెత్తలేదు. మర్నాడు డయాలసిస్ రోజు. ఆవిడ ఆటో ఎక్కిందంతే. అయినా ఆ ఊరుకోవడం హైమకి నమ్మకం కలిగించలేదు. నాకూ కలిగించలేదు. మనసులో పెట్టుకుని ఇంకో తేదీ చూసుకుంటోందేమోనని ఇద్దరం బెంగపడ్డాం.

నెలాఖరున వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఆగకుండా వాన. డయాలసిస్‌కి వెళ్లాల్సిన పొద్దున బస్సులు ఆపేశారని, రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లని కబురొచ్చింది. నేను బియ్యం డబ్బా మీద ఛార్జింగులో ఉన్నాను. కరెంటెప్పుడో పోయింది, నాలుగు శాతం మిగిలింది. గున్నయ్య వాకిట్లో నిలబడి ఆకాశం చూశాడు.

"ఈయాలకి ఒగ్గీయే. రేపెల్దాం."

"రేపేటి? ఈయాల నా రోజు" అంది తవిటమ్మ. అప్పటికే ఆస్పత్రి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంకలో పెట్టుకుంది. "సూరమ్మోల్ల ట్రాక్టరు కాయలేసుకుని టౌనుకెల్తన్నాది. ఆపమని సెప్పొచ్చినాను. నువ్వొస్తావా, నానొక్కదాన్నీ ఎల్నా?"

గున్నయ్య చెప్పులు వెతుక్కునేలోగా ఆవిడ వీధిలో ఉంది. హైమ గడపలో నిలబడిపోయింది. కొబ్బరికాయల రాశి మీద తవిటమ్మ, ఆవిడ నెత్తిన టార్పాలిన్ పట్టుకుని గున్నయ్య, ట్రాక్టరు వానలో వెళ్లిపోయింది. నన్ను డబ్బా మీదే మరిచిపోయారు. నాలుగు గంటలు నేను లేకుండా ఆవిడకెలా గడిచిందో నాకు తెలీదు. ఎవరితోనైనా కబుర్లు చెప్పిందో, నిద్రే పోయిందో. నాకు చిన్నతనంగా అనిపించలేదు. పొద్దుట నుంచీ ఒకటే భయం, ట్రాక్టరు దారిలో ఆగిపోకూడదని.

సాయంత్రం ఇద్దరూ తడిసి ముద్దై వచ్చారు. తవిటమ్మ నీరసంగా గోడకి ఆనుకుని కూర్చుంది. హైమ తువ్వాలు తెచ్చి తల తుడుస్తూ, "ఫోను ఇంట్లోనే మరిచిపోయావమ్మా" అంది.

"అవునా? నాకు గురుతే రానేదు" అంది తవిటమ్మ. "అది ఒగ్గీగాని, ముందు ఈ సీర పిండి ఆరెయ్యి. ఎల్లుండి మల్లీ ఎల్లాల."

ఆ మాట విన్నాక నా ఛార్జింగ్ అయిపోయింది.