మోటారు కాళ్ళ ప్రారంభోత్సవం

కొత్తవలసలో లారీల యార్డు నడిపే జగన్నాధం గారికి అరసవల్లి సూర్యనారాయణ స్వామి మీద మహా గురి. తన దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరికి ఏ రోగం వచ్చినా మందూమాకుల ఊసెత్తకుండా నేరుగా ఆ స్వామికే అప్పజెప్పేస్తారు. తనకు జలుబు చేస్తే మాత్రం కారేసుకుని విశాఖపట్నం వెళతారు. ఈ సంగతి యార్డులో అందరికీ తెలుసు గానీ, పైకి అనగలిగిన నోరు ఒక్కటే ఉంది. అది అమ్మడుది.

అమ్మడు చేపలమ్ముతుంది. ఆమె మొగుడు నాగబాబు జగన్నాధం గారి దగ్గర ట్రాలీ డ్రైవరు. ఇద్దరిదీ భీమిలి అవతల సముద్రం ఒడ్డున ఒకే పల్లె, మేనరికం. పెళ్లినాటికి నాగబాబు వల విసిరితే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఇప్పుడు ఆ కుడి చేత్తో తల దువ్వుకోలేడు. రోజూ పొద్దున్నే అమ్మడే దువ్వుతుంది, తిడుతూ.

ఆ చేతిని తినేసినవి ట్రాలీ కాళ్ళు. ఇంజను బండిని ట్రాలీ నుంచి విడదీసినప్పుడు ట్రాలీ ముందుకు కూలిపోకుండా కింద రెండు ఇనుప కాళ్ళుంటాయి. పక్కనున్న హ్యాండిల్ ఒకవైపు తిప్పితే దిగుతాయి, రెండోవైపు తిప్పితే లేస్తాయి. చెప్పుకోడానికి ఇంతే. గ్రానైటు దిమ్మలతో నిండిన ట్రాలీ పక్కన నడుం వంచి, నిప్పులు చెరిగే ఎండలో, ఒక ట్రాలీ వదిలి ఇంకోటి తగిలించుకుంటూ ఏళ్ల తరబడి తిప్పినవాడికి తెలుస్తుంది అసలు కథ. భుజం కీలు అరిగిపోయిందనీ, ఇంకా తిప్పితే చెయ్యి బొత్తిగా పడిపోతుందనీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్లి ఆ మాట యజమాని చెవిన వేశారు.

జగన్నాధం గారు కళ్ళు మూసుకుని, తెరిచారు.

"ఆదివారం ఆదివారం అరసవల్లి ఎల్లరా. స్వామి ఎదురుగా సూర్యనమస్కారాలు సెయ్యి. కొత్త సెయ్యి వస్తాది."

"నమస్కారం పెట్టాలంటే ముందు ఆ సెయ్యి లెగాల గదా బాబూ?" అంది అమ్మడు.

"ఒరే నాగబాబూ, నీ పెళ్ళాన్ని నోరు మూసుకోమను. నేను డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఒంటి సేత్తో తిప్పేవోణ్ణి. ఎప్పుడైనా అబ్బా అన్నానేటి?"

ఆయన డ్రైవరుగా ఉన్న రోజులు చూసిన మానవుడు ఈ భూమ్మీద లేడు. తండ్రి సంపాదించిన జీడితోటలు అమ్మి లారీలు కొన్నారని కొత్తవలసలో పిల్లినడిగినా చెబుతుంది. అయినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎవడు వాదిస్తాడు? నాగబాబు అసలే వాదించడు. యజమాని కొట్టినా చల్లటి చెయ్యి అనుకునే రకం.

అలాంటి జగన్నాధం గారు ఉన్నట్టుండి ఒక ట్రాలీ కాళ్ళకు మోటారు తెప్పించారు. డ్రైవరు భుజం చూసి జాలిపడి కాదు. గజపతినగరంలో లారీలు నడిపే తిరుమలరావు అప్పటికే పెట్టించాడు. పెట్టించినవాడు ఊరుకోక ఒక పెళ్లిలో, "మీ ట్రాలీలు ఇంకా సేతుల మీదే లెగుస్తన్నాయా బావా?" అని నలుగురిలో నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. జగన్నాధం గారిదీ అదే బాధ.

"సూసావేటే, నాకోసం మోటారు తెప్పిస్తన్నారు బాబుగారు," అన్నాడు నాగబాబు పొంగిపోయి.

"నీకోసమా? నీ బుర్రకి కూడా ఒకటెట్టించాల మావా, తిరగడం మానేసినాది," అంది అమ్మడు.

అందే గానీ, ఆ రోజు చేపల గంప దించాక కొబ్బరికాయ కొనుక్కొచ్చింది. ఎవడి కుళ్లు కోసం వస్తేనేం, ఆ మోటారు వస్తే మొగుడి చెయ్యి మిగులుతుంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. హుద్‌హుద్ తుపానుకు ఎగిరిపోయిన షెడ్డుకు కొత్త రేకులు వేయించి, దాని ముందు షామియానా కట్టించారు. పంతులు గారొచ్చారు, డప్పులొచ్చాయి, లోకల్ కేబుల్ టీవీవాడు కెమెరా పట్టుకుని వచ్చాడు. యజమాని భార్య సుభద్రమ్మ గారు పెళ్లికూతురికి చేసినట్టు ఆ ఇనుప కాళ్ళకు పసుపు రాసి పారాణి దిద్దారు. గ్రానైటు ఎక్కించిన ట్రాలీకి చుట్టూ నేలను తాకేలా బంతిపూల దండలు వేలాడదీశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు తగిలించిన ఇంజను బండిలో, డ్రైవరు సీట్లో నాగబాబు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

మెడలో గజమాలతో జగన్నాధం గారు బొత్తం నొక్కారు. కాళ్ళు గుర్రుమంటూ దిగాయి. మళ్ళీ నొక్కారు, లేచాయి. ఎవరూ వంగలేదు, ఎవరికీ చెమట పట్టలేదు. అమ్మడు తను కొనుక్కొచ్చిన కొబ్బరికాయ అక్కడే కొట్టింది. ఆ ఒక్క నిమిషం ఆమెకు జగన్నాధం గారి మీద కూడా కోపం రాలేదు.

అక్కడితో ఆగితే ఆయన జగన్నాధం గారెందుకవుతారు? టీవీవాడు ఇటు తిరిగితే దించారు, అటు తిరిగితే లేపారు. చిన్నపిల్లాడికి గిలక్కాయ దొరికినట్టే. ఆఖరిసారి కాళ్ళు పైకి లేస్తుండగా పంతులు గారు కేకేశారు.

"వర్జ్యం వచ్చేస్తోంది! బండి కదలాలి, కదలాలి!"

జగన్నాధం గారు చటుక్కున బొత్తం మీంచి వేలు తీసి కెమెరాకు దండం పెట్టారు. కాళ్ళు పూర్తిగా లేచేదాకా ఆ బొత్తం నొక్కి పట్టుకోవాలి. వేలు తియ్యగానే కాళ్ళు సగంలో ఆగిపోయాయి. బంతిపూల చాటున ఎవరికీ కనిపించలేదు.

నాగబాబుకు ఒక అలవాటుంది. బండి కదిలే ముందు దిగి, వంగి, కాళ్ళు పూర్తిగా లేచాయో లేదో చూసుకుంటాడు. అలాగే తలుపు తెరిచి ఒక కాలు కిందికి పెట్టాడు.

"ఒరే! ముహూర్తానికి ఎక్కినోడివి దిగుతావేట్రా?" జగన్నాధం గారు అరిచారు. "అపశకునం! మోటారుండగా వంగి సూడ్డమేటి? పోనీ!"

నాగబాబు కాలు లోపలికి తీసుకున్నాడు. నిమ్మకాయలు చిట్లాయి. డప్పులు మోగాయి. ట్రాలీ గేటు దాటింది.

గేటు పక్కనే జగన్నాధం గారి మేడ. ఆ మేడ ముందు ఒక స్పీడు బ్రేకరుంది. పరాయి లారీలు జోరుగా పోతే తన మేడకు దుమ్ము కొడుతోందని ఆయనే దగ్గరుండి పోయించుకున్నది. గేదె అడ్డంగా పడుకున్నట్టుంటుంది. ఇంజను బండి దాన్ని ఎక్కి దిగింది. వెనకాల ట్రాలీ కాళ్ళు దాన్ని తన్నుకున్నాయి. ఊరంతా వినపడేలా చప్పుడైంది. ఒక కాలు వెనక్కి వంగిపోయింది. రెండోదాని పాదం ఊడి, పారాణితో సహా రోడ్డు మీద పడింది.

డప్పులు ఆగిపోయాయి. జగన్నాధం గారు ఆ పాదాన్ని చూశారు, స్పీడు బ్రేకర్ని చూశారు, గొంతు సవరించుకున్నారు.

"మోటారు మనకి అచ్చిరాలేదు. స్వామికి ఇష్టం నేదు. పీకించేస్తాను. రేపట్నుంచి పాత హ్యాండిలే. ఏరా నాగబాబూ?"

"సిత్తం బాబూ," అన్నాడు బండి దిగొచ్చిన నాగబాబు.

అమ్మడుకు ఒళ్ళు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నవాడి మీద ఎంత మండిందో, సిత్తం అన్నవాడి మీద అంతకు రెట్టింపు మండింది. రేపు అంటే రేపే ఆ చెయ్యి పోతుంది. ఆమె కుర్చీలోంచి లేచి, యార్డు మూల పోర్టుకు వెళ్లడానికి ఇంజను తగిలించి ఉన్న రెండో ట్రాలీ దగ్గరికి నడిచింది. దాని కాళ్ళు ఇంకా కిందే ఉన్నాయి. కొక్కేనికున్న హ్యాండిల్ విప్పింది.

"రేపటిదాకా ఎందుకు బాబూ? ఇలా రండి. మా మావ సెయ్యి లెగట్లేదు. మీరు ఒంటి సేత్తో తిప్పేవోరు గదా. టీవీవోలు కూడా ఉన్నారు. రండి."

"ఒసే, నీకేటి మతి పోయిందా?" నాగబాబు పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వు ఊరుకో మావా. సిత్తం అన్నావు గదా, సిత్తగించు."

టీవీవాడు ఆనందంగా కెమెరా ఇటు తిప్పాడు. వచ్చిన చుట్టాలు గుండ్రంగా మూగారు. వెనక్కి తగ్గడానికి దారి లేదు. జగన్నాధం గారు నవ్వుతూ ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకున్నారు. అది కదల్లేదు. రెండో చెయ్యి వేశారు, నవ్వు తీసేశారు. ఒక చుట్టు తిరిగింది, మూలుగుతూ ఇంకోటి తిరిగింది. ఆ తర్వాతి చుట్టులో గజమాల హ్యాండిల్‌కు చుట్టుకుని, ఆయన్ని మెడ పట్టుకుని కిందికి లాగింది. జగన్నాధం గారు భుజం పట్టుకుని మట్టిలో కూలబడ్డారు. ట్రాలీ కాళ్ళు నేల వదల్లేదు.

"అబ్బా అన్నారు బాబూ," అంది అమ్మడు. "అందరూ విన్నారు."

ఆ వారంలోనే జగన్నాధం గారు యార్డులో ఒక ప్రకటన చేశారు. సూర్యనారాయణ స్వామి కలలో కనిపించి, ట్రాలీలన్నిటికీ మోటార్లు పెట్టించమని ఆజ్ఞాపించాడట. భుజానికి కట్టు కట్టుకునే చెప్పారు. ఆ కట్టు సంగతి స్వామి ఏమన్నాడో చెప్పలేదు. స్పీడు బ్రేకరు జోలికి మాత్రం స్వామి వెళ్లలేదు, అది అలాగే ఉంది.

బాగుచేసిన ట్రాలీ వచ్చిన పొద్దున నాగబాబు బొత్తం నొక్కి, కాళ్ళు పూర్తిగా లేచేదాకా పట్టుకున్నాడు. వంగి చూసుకున్నాడు. అమ్మడు పక్కనే నిలబడింది.

"సూసావేటే? అంతా ఆ సామి దయ," అంటూ అతను సూర్యుడి వైపు తిరిగి చేతులు జోడించాడు. తలపైకి ఎత్తబోయాడు. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి గుండె దగ్గరే ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా అంతే.

అమ్మడు చూసింది. మోటారు రావలసినప్పుడు రాలేదు. వచ్చి కూడా ఆ చేతిని తిరిగి తేలేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఆ సామికి నీ కొలత తెలుసు మావా. ఆ బొత్తం సరిగ్గా నీ సెయ్యి అందేకాడే ఎట్టించాడు," అంది. ముక్కు కొంగుతో తుడుచుకుని, రొంటిన దోపుకున్న దువ్వెన తీసింది. "ఇలా తిరుగు. తల సూడు, ఎలా ఉన్నాదో."