దానంతటదే వచ్చిన రంపం

మధ్యాహ్నపు వెలుగు కార్ఖానాలోని రంపపు పొట్టులో తేలుతూ, నేలకు దిగాలన్న తొందరేమీ లేనట్లు తిరుగుతోంది. అక్క ప్లగ్గు పీకి యంత్రం మీది ముసుగు తొలగించింది. స్తంభం నుంచి ముందుకు చాచిన ఇనుప చేయి, దాని కింద జారే మోటారు, మోటారుకు గుండ్రటి రంపం. రెండేళ్ళ కిందట చెల్లెలి చూపుడువేలి కొస తీసుకున్నది అదే.

"వెనక్కి నెట్టి వదిలేశానక్కా! అదే మీదికొచ్చింది" అని చెల్లెలు ఏడిస్తే, "ఆడలేక మద్దెల ఓడందట" అంది అక్క. ఆ ఒక్క మాటకు చెల్లెలు వడ్రంగమే మానేసింది. బతిమాలగా బతిమాలగా ఈ రోజు వస్తానంది. రంపం పట్టుకుంటుందో, గుమ్మంలోంచే వెనుదిరుగుతుందో!

మూలమట్టం ఆనిస్తే రంపం అడ్డకోతకు నిటారుగానే ఉంది. రసమట్టాన్ని ఇనుప చేయి మీద ఉంచితే మాత్రం బుడగ బద్ధకంగా గోడవైపు పాకింది. అంటే వెనక ఎత్తు, ముందు పల్లం. అక్క పిడి వదిలింది. రంపం నిద్రలో నడిచే మనిషిలా, చప్పుడు లేకుండా ఆమె పొట్టదాకా వచ్చి ఆగింది.

నేల కడిగిన నీళ్ళు తగులుతున్నాయని అప్పట్లో యంత్రం గోడవైపు కాళ్ళ కింద చెక్కముక్కలు దూర్చింది తనే. ముక్కల వల్ల వాలు, వాలు వల్ల జారుడు, జారుడు వల్ల వేలు.

ఆ ముక్కలను ముందు కాళ్ళ కిందికి మార్చింది. ఇప్పుడు వదిలితే రంపం స్తంభం దగ్గరికే పోతోంది. చెక్కను ఆబగా కరిచే పాత బ్లేడు తీసి, పళ్ళు కాస్త వెనక్కి వాలినది బిగించింది.

చెల్లెలు గుమ్మంలోనే నిలబడింది. "పిలిచావుగా, ఏంటి?"

"నువ్వన్నది నిజమే. మద్దెల ఓడే. ఓడు చేసింది నేను."

చెల్లెలి చూపు యంత్రం కాళ్ళ కిందికి పోయింది. "ఆ ముక్క అనడానికి రెండేళ్ళా తల్లీ! నత్తయినా ఈపాటికి ఊరు దాటేది."

"వంగి చూడ్డానికి పట్టిందే."

"అయితే ముందు నువ్వు కొయ్యి. పది వేళ్ళున్నదానివి."

అక్క ప్లగ్గు పెట్టింది. చెక్కను వెనక పట్టీకి ఆనించి, ఎడమచేతిని కోతదారికి జానెడు ఎడంగా ఉంచి, తాను పక్కకు నిలబడి రంపాన్ని నిదానంగా లాగింది. తెగగానే చివరిదాకా వెనక్కి నెట్టి వదిలింది. అది కదలలేదు.

"జరుగు. నువ్వు కోస్తుంటే చూడలేం" అంటూ చెల్లెలు లోపలికి వచ్చింది. కోసింది, నెట్టింది, వదిలింది. మోటారు ఆపి, పళ్ళు తిరగడం ఆగేదాకా రంపం వంకే చూస్తూ నిలబడింది.

తర్వాత ఇంకో చెక్క అందుకుంది.