జిప్పుల కొట్టు తెరిచే ఉంది

సెలూన్ గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆయన మెట్టు కొలుస్తున్నాడు. ఇనుప టేపు కొసను నేలకు ఆనించి పైకి లాగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి అంకె చూశాడు. ఏడున్నర అంగుళాలు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. ఏడున్నరే. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

"బాబాయ్, నా మెట్టుకేమైనా సంబంధం చూస్తున్నావా? ఎన్నిసార్లు కొలుస్తావు?" అన్నాడు సెలూనతను, కత్తెర ఆపకుండానే. కుర్చీలో తెల్లగుడ్డ కప్పుకున్న పెద్దమనిషి కిసుక్కున నవ్వాడు.

"నవ్వండి నాయనా, నవ్వండి. మెట్లు లేని సెలూన్ ఎక్కడుందని మోకాళ్ల నొప్పులవాళ్లు ఫోనుని అడుగుతారు. అప్పుడు నీ పేరు చెప్పాలా, వద్దా?"

"మెట్టు ఉందిగా మరి!"

"ఒకటే ఉందని, పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందని చెబుతుంది. నేను అబద్ధం చెప్పించను." లేవబోయి గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. సంచీ బరువు అనుకుని కుడి భుజానికి మార్చుకున్నాడు.

ఆ సంచీలో బరువేం లేదు. టేపు, రెండు పెన్నులు, మందుబిళ్లల డబ్బా, అంతే. రెక్సిన్ పెచ్చులూడిపోయింది, జిప్పు పోయి ఏడాదైంది, పెద్ద పిన్నీసు పెట్టి నెట్టుకొస్తున్నాడు. వీధిలో అందరూ ఆయన్ను టేపు బాబాయ్ అంటారు. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

జనం ఇప్పుడు తల ఎత్తి బోర్డులు చూడటం మానేశారు. ఏం కావాలన్నా ఫోనులో ఏఐని అడుగుతున్నారు. అది ఒకటో రెండో పేర్లు చెబుతుంది, జనం అక్కడికే వెళతారు. అది చెప్పని కొట్టు ఎదురుగా ఉన్నా లేనట్టే లెక్క. చిన్న కొట్ల వివరాలు ఏఐకి తెలిసేలా రాసిపెట్టే కంపెనీ ఒకటుంది, మందుల షాపు మీద రెండు గదుల్లో. ఆయన అందులో ఉద్యోగి. అంతకుముందు ఇరవై రెండేళ్లు టెలిఫోన్ డైరెక్టరీ కోసం వీధి వీధీ తిరిగి నంబర్లు సరిచూసేవాడు. డైరెక్టరీ ఆగిపోయింది, ఆయన నడక ఆగలేదు.

ప్రతి కొట్టులోనూ ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "మీ దగ్గరికొచ్చినవాళ్లు మొట్టమొదట ఏమడుగుతారు?" వాళ్లేం చెబితే అదే రాసుకుంటాడు, సొంత పైత్యం కలపడు. మెట్లు కొలవమని ఎవరూ చెప్పలేదు. భార్యకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆవిణ్ణి బయటికి తీసుకెళ్లి, ఎత్తు మెట్లు చూసి వెనక్కి తీసుకురావడం ఆయనకు చాలాసార్లు అనుభవం.

మధ్యాహ్నం ఆఫీసుకి చేరాడు. పద్దెనిమిది మెట్లు, రెండు చోట్ల ఆగాడు.

"బాబాయ్‌గారూ, రోజుకి పది కొట్లు చెయ్యాలి. మీరు నాలుగు దగ్గరే ఆగిపోతే ఎలా? మెట్ల కొలతలు ఎవడికి కావాలండీ?" అన్నాడు యజమాని. ఆయన కొడుకు వయసువాడు, చెడ్డవాడేం కాదు.

ఆయన వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూడు నెలలుగా ఎదురుచూస్తున్న ఉత్తరం వచ్చి ఉంది. ఒక పాత వ్యాపారాల జాబితా నడిపేవాళ్లు రాశారు. మీరు కోరినట్టు ఆ మాట తొలగించాం, అని. ఆయన రెండుసార్లు చదివాడు. అదే ఏడోది, ఆఖరిది.

రెండేళ్ల కిందట ఆయన ఒక తప్పు చేశాడు. రెండుసార్లు వెళ్లినా షట్టరు దించి ఉంటే 'శాశ్వతంగా మూసేశారు' అని నొక్కేయమని కంపెనీ నియమం. ఆయన మూడోసారి కూడా వెళ్లి చూసే మనిషి. జిప్పులు, సంచులు, గొడుగులు బాగుచేసే కొట్టుకి మాత్రం మూడోసారి వెళ్లలేదు. వాన పడుతోంది, ఆయాసంగా ఉంది. పక్క కొట్టులో అడిగినా సరిపోయేది, అదీ అడక్కుండా నొక్కేశాడు. కొట్టావిడ అప్పుడు భర్తను ఆస్పత్రిలో పెట్టుకుని ఉంది. నెలన్నరకి భర్త పోయాడు. ఆవిడ ఒక్కతే తిరిగి షట్టరెత్తింది.

ఆయన నొక్కిన మాట అప్పటికే ఏడు జాబితాల్లోకి పాకింది. ఏడు చోట్లా ఒకే మాట ఉంటే ఏఐ ఎందుకు నమ్మదు? ఎవరడిగినా మూసేశారనే చెప్పింది. మూడు నెలల కిందట ఆ దారిన పోతూ, లోపల ఈగలు తోలుకుంటూ కూర్చున్న ఆవిణ్ణి ఆయన చూశాడు. అప్పటినుంచి అందరికీ రాస్తూనే ఉన్నాడు. ఆవిడ దగ్గరికి వెళ్లి టీ తాగి వస్తున్నాడు, విషయం మాత్రం చెప్పలేకపోతున్నాడు.

భార్య ఫోన్ చేసింది. "మందు వేసుకున్నారా?"

"వేసుకున్నాను" అన్నాడు. వేసుకోలేదు.

నాలుగింటికి జిప్పుల కొట్టు మెట్టెక్కాడు. సగం రంగు వెలిసిన దారపు ఉండలు, గోడకు రంగురంగుల జిప్పులు, మూల కుట్టుమిషను. ఆవిడ చిన్న స్టూలు జరిపింది.

"కూర్చో అన్నయ్యా. ఇంకెన్నాళ్లో లే ఈ టీలు. నెలాఖరుకి తాళాలు ఇచ్చేస్తానని ఓనరుకి చెప్పేశాను."

ఆయన కూర్చోలేదు. "చెల్లెమ్మా, అడిగినవాళ్లందరికీ నీ కొట్టు మూసేశారని ఫోను చెబుతోంది. అది రాసింది నేనే."

తొక్కుతున్న మిషను ఆగింది. ఆయన అంతా చెప్పాడు. వాన సంగతి, మూడోసారి వెళ్లకపోవడం, ఏదీ దాచలేదు.

"రెండేళ్లు అన్నయ్యా!" అంది ఆవిడ. "నా చేతిలో పనితనం పోయిందేమో అనుకున్నాను. ఆయన పోయాక జనానికి నా మొహం చూడబుద్ధి కావట్లేదేమో అనుకుని ఏడ్చాను. ఇంత చేసి, మూడు నెలలుగా నా టీ ఎలా తాగావు?"

"తాగాను" అన్నాడాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

తరవాత ఆయన బయటికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని మెట్టు కొలిచాడు. తొమ్మిది అంగుళాలు. ఎడమవైపు కడ్డీ ఉంది. తెరిచిన షట్టరును ఫొటో తీశాడు. లోపలికొచ్చి పుస్తకం తెరిచాడు.

"నీ దగ్గరికొచ్చినవాళ్లు మొట్టమొదట ఏమడుగుతారు?"

ఆవిడ చెప్పదేమో అనిపించింది. చెప్పింది. "ఇది బాగవుతుందా, అని."

"నువ్వేమంటావు?"

"ఇక్కడ పెట్టి వెళ్లండి, రేపు రండి, అంటాను."

రాసుకున్నాడు. "ఏఐకి ఎక్కడానికి నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా తాళాలు ఇవ్వకు."

"నాలుగంటే నాలుగు రోజులే చూస్తాను." ఆవిడ చెయ్యి చాచింది. "ఆ సంచీ ఇలా ఇవ్వు. ఊళ్లో కొట్లన్నీ తిరుగుతావు, పిన్నీసుతోనా తిరిగేది! సిగ్గుండాలి."

మందుల డబ్బా, పెన్నులు జేబులో వేసుకుని, టేపు ఉన్న సంచీ ఇచ్చేశాడు. ఆవిడ చీటీ ఒకటి రాసి దాని పట్టీకి కట్టింది. క్షమించానని అనలేదు. ఆయనా అడగలేదు.

బస్టాపు బెంచీ మీద కూర్చుని, ఒక్క వేలితో ఫోనులో వివరాలన్నీ కొట్టాడు. వేళలు, మెట్టు, కడ్డీ, ఆవిడ మాట. పంపించాడు. అందిందని జవాబు వచ్చేదాకా తెర వంకే చూశాడు. ఐదూ ఇరవైకి వచ్చింది. ఐదున్నర బస్సు వచ్చి ఆగింది. రోజూ ఎక్కే మనిషే కదా అని డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆయన లేవలేదు. డ్రైవరు దిగివచ్చి భుజం మీద చెయ్యి వేసేసరికి ప్రాణం పోయి ఉంది.

జిప్పులావిడకి తెలియదు. మర్నాడు ఆయన రాకపోతే మొహం చెల్లక రాలేదనుకుంది. మూడోనాడు కోపం వచ్చింది. నాలుగోనాడు పొద్దున ఒకతను చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ మెట్టెక్కాడు.

"ఇది బాగవుతుందాండీ? మీ కొట్టు గురించి ఫోను చెప్పింది."

"ఏమని చెప్పింది?"

అతను ఫోను ఎత్తి వినిపించాడు. "తెరిచే ఉంది. పది నుంచి ఏడింటి వరకు. ఒకే మెట్టు, తొమ్మిది అంగుళాలు. ఎడమవైపు పట్టుకోవడానికి కడ్డీ ఉంది. మీ వస్తువు అక్కడ పెట్టి వెళితే, రేపు రమ్మంటారు."

అతను వెళ్లగానే ఆవిడ ఆయనకు ఫోన్ చేసింది. అటు ఎవరెత్తారో కూడా చూసుకోలేదు. "అన్నయ్యా, చెప్పింది! తెరిచే ఉందని చెప్పింది!"

ఒక ఆడగొంతు పలికింది. "ఆయన లేరమ్మా. నాలుగు రోజులైంది. ఎవరు మాట్లాడేది?"

ఆవిడ గోడకి చేరగిలబడింది. ఏడుపు ఆపుకుంటూ తానెవరో చెప్పింది, సంచీ తన దగ్గరే ఉందని చెప్పింది.

"నేనొచ్చి తీసుకుంటాను. నాకు మోకాళ్లు బాగా లేవు. మీ కొట్టుకి మెట్లు ఎన్నమ్మా?"

"ఒకటే వదినా. తొమ్మిది అంగుళాలు. నేను కిందికొచ్చి చెయ్యి పట్టుకుంటాను."

ఆ రోజు ఆవిడ ఓనరు ఇంటికి వెళ్లి తాళాలు ఇవ్వనని చెప్పి వచ్చింది. గోడ మేకుకి, కొత్త జిప్పు వేసిన పాత రెక్సిన్ సంచీ వేలాడుతోంది, లోపల ఇనుప టేపు, పైన ఆవిడ చేత్తో రాసిన చీటీ: 'అన్నయ్యది. రేపు.'