దొండపాదు బడిలో సత్తు జగ్గు

నేను ఒక సత్తు జగ్గును. ఒక రేకుల కొట్టంలో నన్ను సాగగొట్టి, పిడి అతికించి, సంతకు తోలారు. ఏ పెళ్ళివారింటికో పోతాననుకున్నాను. మార్తమ్మ టీచరు నన్ను కొని, రేపల్లె దగ్గర ఒక చర్చి వెనకనున్న పసిపిల్లల బడికి తెచ్చింది.

అది బడి అంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అక్కడ పలకలు తక్కువ, పనులు ఎక్కువ. పిల్లలు చాపలు పరిచేవారు, శనగల్లో రాళ్ళు ఏరేవారు. దొండపాదుకు నీళ్ళు పోసి, కాయ ఎంత పెరిగిందో వేలితో కొలుచుకునేవారు. అన్నాల వేళ కళ్ళు మూసుకుని "అన్నమిచ్చిన తండ్రీ, వందనాలు" అంటూనే, ఒక కన్ను తెరిచి పళ్ళెంలోకి చూసేవారు. అందుకు ఆ తండ్రి కోప్పడినట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

మంచినీళ్ళు నా వంతు. ఒకరు పోస్తుంటే, తాగేవాళ్ళు "చాలు" అనాలి.

కెజియా మాత్రం ఆ మాట అనేది కాదు. నాలుగేళ్ళ పిల్ల. తల్లి కాన్పులో పోయినప్పటి నుంచి మాట మానేసింది. గ్లాసు పొర్లి గౌను తడిసినా నోరు విప్పదు. టీచరు కసురుకునేది కాదు. గుడ్డ తెచ్చి, పిల్లతో కలిసి నేల తుడిచేది. కొన్నాళ్ళకు నన్ను ఆ పిల్ల చేతికే ఇచ్చింది. కెజియా నన్ను రెండు చేతులా పొదివి పట్టుకుని, ఎవరు "చాలు" అంటే అక్కడ పోయడం ఆపేది.

ఒక మధ్యాహ్నం ఎవరో తనకు పోస్తుంటే, సన్నటి గొంతుతో "చాలు" అంది.

మార్తమ్మ గోడవైపు తిరిగి పైటచెంగు కళ్ళకద్దుకుంది. ఆ తరువాత పిల్ల నోరు ఆగలేదు. రైలుకు మాటలు, మేకకు మాటలు, నాకూ మాటలే.

పెద్దవాళ్ళకు మాత్రం అది చదువులా కనిపించలేదు. పక్క వీధిలో కాన్వెంటు వెలిసింది. టై, బూట్లు, పసుపుపచ్చ వ్యాను. కెజియా నాయనమ్మ రాహేలమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడింది.

"ఏం టీచరమ్మా, పొద్దస్తమానం నీళ్ళు పోయించడమేనా? అక్కడ పిల్లకాయలు ఏబీసీడీలు గడగడా చెప్పేస్తన్నారు."

"చెప్తారులే అమ్మా. ఇప్పుడేగా పిల్లకు మాటొచ్చింది."

"నేను నాట్లకి పోయి నడుం ఇరగ్గొట్టుకున్నాను. నా మనవరాలు పోగూడదు. అంతే!"

 

పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. "ఇద్దరు పిల్లలకి బడేంటమ్మా? ఆ గది కుర్చీలు పెట్టుకోడానికి పనికొస్తది" అన్నారు పాస్టరయ్యగారు. ప్రార్థన చేసి మరీ బడి మూసేశారు. మార్తమ్మ నన్ను కెజియాకిచ్చి, తెనాలిలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. రాహేలమ్మ నాలో గంజి పోసుకుంది.

కొత్త బడిలో కెజియా చేత అక్షరాలు దిద్దించారు. వంకర పోతే అక్కడి టీచర్లు స్కేలుతో వేళ్ళమీద కొట్టేవారట. పొద్దున వ్యాను హారను వినగానే పిల్ల కిటికీ ఊచ పట్టుకునేది. రాహేలమ్మ ఏడుస్తూనే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పేది. "పెద్దయ్యాక నాకే దణ్ణం పెడతావులే" అనేది. మనుషుల ప్రేమకు అంత గట్టి చేతులుంటాయని నాకు తెలియదు.

వానలు వెనకబట్టాక మార్తమ్మ చూడవచ్చింది. సంచిలో జామకాయలున్నాయి.

"కెజియా, ఎవరొచ్చారో చూడు! మీ టీచరు!" అంది రాహేలమ్మ సంబరంగా.

ఆ మాట చెవిన పడగానే పిల్ల రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

"నేనే తల్లీ" అని మార్తమ్మ చేయి చాచింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, గోడకు అతుక్కుపోయింది.

మార్తమ్మ చాచిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. జామకాయలు అరుగు మీద పెట్టి, రైలుకు వేళవుతోందని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా కెజియా కళ్ళు తెరవలేదు.