పున్నమి చూసి పెట్టుకున్న ప్రయాణం

నీలమ్మకు చూపు పోతున్నదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత పోయిందో మాత్రం చిన్న కోడలు అనితకే తెలుసు.

దసరా ముందు హైదరాబాద్ కంటి దవాఖానలో డాక్టరు చెప్పాడు, చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తున్నదని. పోయింది తిరిగి రాదు, మిగిలింది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేమన్నాడు. ఆ సాయంత్రం జహీరాబాద్ తిరిగి వచ్చే బస్సులో నీలమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సదాశివపేట దాటాక కొడుకులిద్దరి దిక్కు తిరిగి, తనకు ఒక్కసారి సముద్రం చూపించమని అడిగింది. అరవై నాలుగేళ్లలో ఆమె వాళ్లను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఇద్దరూ వెంటనే సరేనన్నారు.

ఆ సరే అన్నది నాలుగు నెలలు సాగింది.

పెద్దకొడుకు సచిన్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. విశాఖపట్నానికి విమానంలో పోదామన్నాడు. సముద్రానికి ఎదురుగా ఉండే హోటల్లో గది తీసుకుంటే అమ్మ కిటికీ దగ్గరే కూర్చుని చూస్తుంది, ఇసుకలో నడిచే బాధ ఉండదు. చిన్నవాడు వినయ్‌కు కోహీర్ దారిలో నాలుగెకరాల చెరుకు. లింగంపల్లి పోయి రైలెక్కితే పొద్దున్నకు విశాఖలో దిగుతామని, సత్రంలో పడుకుంటే చాలని అతని లెక్క. న్యాల్‌కల్‌లో ఇచ్చిన కూతురు కావ్యకు రెండూ నచ్చలేదు. పిల్లలున్నారు, పెద్ద బండి మాట్లాడుకుని దారిలో గుళ్లూ గుహలూ అన్నీ చూసుకుంటూ పోదామంది.

ఇంటర్ చదివింది, రాత మంచిగ ఉంటుందని ఈ మూడు ప్రయాణాలనూ అనితను రాయమన్నారు. ఆమె కొడుకు పాత నోటుబుక్కు వెనక పేజీల్లో మూడు గళ్లు గీసి రాసింది. దేంట్లో పోవాలి, ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, ఎంతవుతుంది. విమానం కింద రాసిన అంకె చూసి వినయ్ నవ్వాడు. సత్రం అని రాసిన చోట సచిన్ వేలు పెట్టి, "అమ్మను బిచ్చగాళ్ల లెక్క తీస్కపోతవారా?" అన్నాడు. కావ్య ఫోన్‌లోనే అలిగింది. తర్వాత సచిన్‌కు సెలవు దొరకలేదు. కావ్య పిల్లలకు పరీక్షలు వచ్చాయి. వినయ్ చెరుకుకు చక్కెర ఫ్యాక్టరీ నుంచి కోత వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే వంతు ఇంకొకరికి పోతుంది. అనిత తేదీలు కొట్టేసి కొత్త తేదీలు రాసింది. ముగ్గురూ ఒప్పుకున్నది ఒక్కటే, ఎప్పుడు పోయినా పున్నమి చూసుకుని పోవాలని. ఆ ఇంట్లో ఏ మంచి పనైనా పున్నమికే.

నీలమ్మ మాత్రం ఆ మాటలేవీ తనవి కానట్టు అరుగు మీద కూర్చుని, విత్తనం అల్లంలో కుళ్లిన ముక్కలను వేళ్లతో తడిమి ఏరి పక్కన పడేసేది.

అనిత పొద్దున పూట ఆమె పూజ చూసేది. మెడలోని లింగాన్ని తీసి, ఎడమ అరచేతిలో పెట్టుకుని, రెప్ప వేయకుండా దాన్నే చూడటం ఆ ఇంటి పూజ. అది కాకుండా నీలమ్మ మెతుకు ముట్టదు. అనిత కోడలిగా వచ్చిన కొత్తలో ఆ చెయ్యి రొమ్ముకు ఎదురుగా కదలకుండా ఉండేది. ఇప్పుడు ఆ చెయ్యి కళ్ల ముందు అటు జరుగుతుంది, ఇటు జరుగుతుంది. సూది బెజ్జమంత మిగిలిన చూపుకు లింగం ఎక్కడ ఆనుతుందో వెతుకుతుంది. దొరికాక ఆగుతుంది. దీపావళికి రెండుసార్లు జరిపితే దొరికేది. పుష్యమాసం వచ్చేసరికి ఊదుకడ్డీ సగం కాలినా చెయ్యి ఆగడం లేదు.

ఒకరోజు పూజ అయ్యాక అనిత పక్కన కూర్చుని, "అత్తమ్మా, నీకు ఏ సముద్రం చూడాలని ఉన్నది?" అని అడిగింది.

నీలమ్మ విబూది చేతిని కొంగుకు తుడుచుకుంది. "సముద్రాలు ఎన్ని ఉన్నయో నాకేం ఎరుక బిడ్డ. మీ మామ చూసింది చూస్త."

మామ చెన్నబసప్ప లారీ డ్రైవరు. ఇరవై ఆరేళ్లు అల్లం బస్తాలు బొంబాయికి తోలాడు. సరుకు దించాక సముద్రం దగ్గరికి పోయి, అక్కడే మొహం కడుక్కుని, తడి అంగీతోనే బండెక్కేవాడు. ఇంటికొచ్చేసరికి అంగీ అట్టలా బిగుసుకుని, తెల్లటి చారలతో ఉండేది. ఎట్ల ఉంటది అని నీలమ్మ అడిగితే, చెప్తే తెలియదు, తీస్కపోత అనేవాడు. ఎనిమిదేళ్ల కింద పోయాడు. వినయ్ చెరుకు చేను గట్టునే ఆయన సమాధి.

అనిత నోటుబుక్కు తీసి చూసింది. మూడు గళ్లలో ఎక్కడా బొంబాయి లేదు.

అదే రోజు వినయ్ చెరుకుకు కోత వంతు వచ్చింది. మహారాష్ట్రలోని బీడ్ దిక్కు నుంచి వచ్చిన కూలీలు చేన్లో గుడిసెలు వేసుకున్నారు. మాఘ పున్నమి ఇంకా ఆరు రోజులుంది. కోత అయినంక, పైనెల పున్నమికి అందరం కలిసి పోదామని వినయ్ అన్నాడు. అనిత వాదించలేదు. "రేపు పొద్దున అత్తమ్మ పూజ చేస్తుంటే జర నిలబడి చూడు" అంది.

తెల్లారి అతను గడప దగ్గర నిలబడి చూశాడు. తల్లి చెయ్యి గాలిలో వెతుకుతూనే ఉంది. కాసేపటికి ఆమె కళ్లు మూసుకుని, కుడిచేతి వేలితో లింగాన్ని తాకి, అట్లనే పూజ ముగించింది. వినయ్ చాయ్ తాగకుండా చేనుకు పోయాడు. సాయంత్రం వచ్చి బొంబాయి బస్సుకు రెండు టికెట్లు అనిత చేతిలో పెట్టాడు. పున్నమి ముందురోజు సాయంత్రం ఎక్కడం, పున్నమి నాడు సాయంత్రం ఐదింటికి తిరుగు బస్సు. "ఆడోళ్లిద్దరే పోతున్నరు, పైలం" అని మాత్రం అన్నాడు.

బస్సు కోసం హైవే మీద నిలబడినప్పుడు సచిన్ బండి మీద వచ్చాడు. విమానం ఎక్కిస్తానంటే ఎర్రబస్సు ఎక్కుతున్నారని ఎత్తిపొడిచాడు. కానీ బండి వెనక మడత కుర్చీ కట్టి ఉంది. విప్పి అనితకు ఇచ్చాడు. "కిటికీ ఉన్న గది లేకపాయె. ఇసుకల కూసుంటే అమ్మకు మోకాళ్లు నొస్తయి." కావ్య పంపిన కడక్ జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పూజకని ఇంటి దగ్గర నింపుకున్న నీళ్ల సీసా అప్పటికే సంచిలో ఉన్నాయి.

పొద్దున ఏడున్నరకు బస్సు దిగి, ట్యాక్సీలో దాదర్ దగ్గరి ఒడ్డుకు చేరారు. అనిత కుర్చీ వేసి అత్తను కూర్చోబెట్టి, తల ఎత్తి చూసి అట్లనే ఉండిపోయింది.

ఎదురుగా నల్లరాళ్లు, తడి బురద. వాటి మీద కాకులు. ఎక్కడో దూరాన, తమ చేను అవతలి గట్టంత దూరాన, సన్నటి వెండి గీత.

నీలమ్మ తల అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "నీళ్లు ఏవి బిడ్డ? ఉన్నయా? నాకే ఆనుతలేవా?"

అనిత మళ్లీ ఒకసారి ఆ బురద దిక్కు చూసింది. నాలుగు నెలలు కూర్చుని బస్సు, రైలు, విమానం, గది, తిండి అన్నీ రాసింది. సముద్రం అక్కడ ఉంటుందా అన్నది ఎవరూ అడగలేదు. వాళ్లెరిగిన నీళ్లు ఎండాకాలం తగ్గుతాయి, వానాకాలం నిండుతాయి. పొద్దుటికి పోయే నీళ్ల సంగతి వాళ్లు వినలేదు.

"లేవు అత్తమ్మా" అంది చివరికి. "నాకు గూడ ఆనుతలేవు."

కొంచెం దూరంలో ఒకామె తట్టలో చిన్నచేపలు ఏరుతున్నది. నీలమ్మ పుట్టినూరు ఉద్గీర్ దిక్కు, మరాఠీ వస్తుంది. కేకేసి అడిగింది. ఆమె నవ్వింది. ఏ ఊరి వాళ్లని అడిగింది. పున్నమి నాడు పొద్దున సముద్రం ఇంట్లో ఉండదని, ఎంత దూరం పోతుందో అంత మీదికి వస్తుందని, పన్నెండు దాటేసరికి మీరు కూర్చున్న చోటు కూడా మిగలదని చెప్పింది. నీలమ్మ అది అనితకు తెలుగులో చెబుతూ తానూ కొంచెం నవ్వింది.

టీ తాగమంటే నీలమ్మ తాగలేదు. పూజ కాలేదు కదా అంది. ఇక్కడే చేసుకొమ్మంటే, "ఆయన రానీ, అప్పుడు" అంది. ఆయన అంటే సముద్రమో మామనో అనిత అడగలేదు. అత్తకు ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది. తొమ్మిదైంది. పదైంది. దూరపు రాయి ఒకటి మునిగింది. తర్వాత దాని ముందరిది. నీలమ్మకు అది కనిపించదు. కానీ గాలి మళ్లగానే ఆమె ముక్కు పుటాలు కదిలాయి. రెండు చేతులతో కుర్చీ పట్టీలు పట్టుకుని కాస్త ముందుకు వంగింది.

"మీ మామ అంగీ" అంది.

పన్నెండు దాటాక మొదటి నీళ్లు ఆమె పాదాల మీదికి వచ్చాయి. ఆమె ఉలిక్కిపడి లేచి నిలబడింది. కుర్చీ కాళ్లు ఇసుకలో దిగాయి. అనిత చెయ్యి పట్టుకుని ఆమె కిందికి చూసింది, పాదాల చుట్టూ నురుగు చూసింది. అక్కడి నుంచి చూపును మెల్లగా ముందుకు జరిపింది. తర్వాత తలను ఎడమ దిక్కు తిప్పింది. రోజూ పొద్దున లింగం కోసం చేతిని జరిపినట్టే, కొంచెం కొంచెంగా కుడి దిక్కుకు తిప్పుకుంటూ వచ్చింది. మళ్లీ ఎడమకు పోయింది. ఈసారి వెతకవలసిన పని లేదు. ఎటు తిప్పినా ఉంది.

సంచిలో ఫోన్ మోగింది. వినయ్. వెనక చెరుకు కొడుతున్న చప్పుడు వినిపిస్తున్నది.

"చూసిందా?" అన్నాడు.

"చూస్తున్నది" అంది అనిత.

అతను ఫోన్ పెట్టేయలేదు. అనిత ఫోన్‌ను నీళ్ల వైపు పట్టుకుని కాసేపు నిలబడింది.

నీలమ్మ బట్ట తడిసి పిక్కలకు అంటుకుంది. అప్పటికి గానీ ఆమె ఇటు తిరగలేదు. మెడలోని లింగం మీద చెయ్యి వేసుకుని, రెండో చెయ్యి చాచింది.

"ఇంటి నీళ్ల సీసా ఇటియ్యి బిడ్డ. పూజ చేసుకుంట. ఆకలైతున్నది."