స్పృహ లేని నాయకుడు

పరుపుల దుకాణంలో ఉద్యోగం అంటే అమ్మడమో, మోయడమో, లెక్కలు రాయడమో అనుకుంటారు లోకులు. ఈ కథలోని పెద్దమనిషి ఉద్యోగం మాత్రం పడుకోవడం. మేనమామ దుకాణంలోకి కొత్త పరుపు వచ్చినప్పుడల్లా దాని మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, మొహంలో హాయి కనబరచాలి. కొనేవాళ్లు చూసి ముచ్చటపడాలి. "మాట్లాడటం ఎలాగూ చేతకాదు, పడుకోవడమైనా సరిగ్గా పడుకో" అంటూ మావయ్య ఇచ్చిన కొలువది.

పాతికేళ్లు నిండిన మనిషి. గుమ్మానికి తల తగిలేంత ఎత్తు. నోట్లో మాత్రం నాలుక లేదు. పడుకున్నంతసేపూ బాగానే ఉండేవాడు, లేచి నిలబడి నలుగురి మొహాలు చూశాడా, గొంతులో ఏదో తలుపు మూసుకుపోయేది. పరుపు ధరెంత అని అడిగితే వేలితో చీటీ చూపించేవాడు. ఎన్నేళ్లు మన్నుతుందని అడిగితే చిరునవ్వు నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఒకావిడ "అంటే మన్నదన్నమాట!" అని పక్క దుకాణానికి వెళ్లిపోయింది.

"అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని పెద్దలు ఊరికే అనలేదురా అల్లుడూ! నిన్ను చూసే అనుంటారు" అని మావయ్య తల బాదుకున్నాడు. "ఇదిగో చెబుతున్నా. ఈ ఏడాది చివరికల్లా నువ్వు కౌంటర్లో నిలబడి మనుషులతో మాట్లాడాలి. లేకపోతే గోడౌన్లో కూర్చుని దూది కూరుకో. అక్కడ నిన్ను పలకరించే నాథుడే ఉండడు."

ఆ మాటకు మనవాడికి నిజంగానే భయమేసింది. గోడౌన్ అంటే భయం కాదు. పలకరించే నాథుడు ఉండడనగానే ప్రాణం హాయిగా అనిపించింది, అందుకూ భయం. ఒకసారి అందులోకి వెళితే తాను సంతోషంగా ఉంటాడు. ఇక బయటికి రాడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మావయ్య అంతటితో ఊరుకోలేదు. వీధి చివర బడి వెనక గదిలో యువజన సేవాదళం ఒకటుంది, ఆదివారాలు ప్రథమ చికిత్స నేర్పుతారు. అక్కడ చేరితే ధైర్యం వస్తుందట, నాయకత్వం వస్తుందట, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ పెట్టారు. మావయ్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గుమ్మంలో దింపి వచ్చాడు. పాతికేళ్లవాణ్ణి!

దళానికి కెప్టెన్ ఒక బస్ కండక్టరు. అందరూ కెప్టెనక్క అనేవారు. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు దగ్గర నిలబడి వెనక తలుపు దగ్గరివాడిని దించేసే గొంతు ఆవిడది.

"నీ పేరేంటి తమ్ముడూ?"

మనవాడు నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. కెప్టెనక్క కాసేపు ఓపిక పట్టింది. తర్వాత గదిలో అందరికేసీ ఒకసారి చూసి, "సరే, ఆ దుప్పటి మీద పడుకో. ఇవాళ కట్లు కట్టడం నేర్చుకుంటున్నాం, ఎవడో ఒకడు కావాలి" అంది.

పడుకోవాలా? హమ్మయ్య, తెలిసిన పనే! అదీ అతనికి కలిగిన మొదటి ఆత్మవిశ్వాసం.

ఆ రోజు నుంచి అతని పేరు పేషెంటు. విరగని కాలికి బద్దలు కట్టారు. కాలని చేతికి తడిబట్ట చుట్టారు. రోడ్డు ప్రమాదంలో, నీళ్లలో, మంటల్లో, కరెంటు షాకులో వారం వారం స్పృహ తప్పిపోయాడు. ఇంటికెళ్లాక అమ్మ "ఇవాళేం చేశావురా" అని అడిగితే, "బతికించారమ్మా" అనేవాడు. అమ్మ దగ్గర మాత్రం నోరు బాగానే పెగిలేది.

స్ట్రెచర్ మోసేది నలుగురు. సెలూన్ నడిపే కవలలు, ఒక ఎలక్ట్రీషియన్, బేకరీలో పనిచేసే అమ్మాయి. కళ్లు మూసుకునే ఎవరు ఏ మూల పట్టారో మనవాడు చెప్పగలిగేవాడు. కవలలు ఒక్క అడుగులా నడిచేవారు. ఎలక్ట్రీషియన్ పొడుగు, అతని వైపు ఎప్పుడూ ఎత్తు. బేకరీ అమ్మాయి మాత్రం లేపే ముందు గట్టిగా ఊపిరి పీల్చేది. ఆ ఊపిరి వినబడగానే అతను రెండు వైపులా కర్రలను గట్టిగా పట్టుకునేవాడు, ఎందుకంటే లేపుతున్నామని ఎవరూ చెప్పేవారు కాదు. చెప్పడం దేనికి, పేషెంటుకు స్పృహ లేదు కదా! కింద నేల ఉన్నట్టుండి మాయమైపోయేది. ప్రతిసారీ గుండె జారిపోయేది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చుగా అంటారా? చెప్పగలిగినవాడైతే ఈ కథ ఎందుకు?

ఏడాది సగం గడిచాక పరీక్ష వచ్చింది. నెగ్గిన దళాలు ఇకపై ఊళ్లో పెద్ద సభలకు, ఆటల పోటీలకు సేవకు వెళ్లవచ్చు. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరయ్యాడు. దట్టమైన మీసం, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పు కింద కాగితం.

ఆ కాగితం చూడగానే కెప్టెనక్క పని అయిపోయింది. బస్సెడు మనుషులను కేకతో కూర్చోబెట్టే మనిషి, పరీక్ష అంటే మాత్రం చిన్నప్పటి నుంచీ ఒణుకు. పదో తరగతి దాటడానికి ఎన్నిసార్లు రాసిందో ఆవిడకే లెక్క తెలియదు. మీసమాయన పెన్ను మూత తీసి "మొదలుపెట్టండి" అన్నాడు. కెప్టెనక్క బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయింది. కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేకరీ అమ్మాయి ఊపిరి పీల్చి, వదలడం మరిచిపోయింది.

స్ట్రెచర్ పక్కన నేల మీద స్పృహ తప్పి ఉన్న మన పేషెంటుకు ఈ నిశ్శబ్దం భరించరానిదైపోయింది. ఇంకాసేపు ఇలాగే ఉంటే తాను నిజంగానే చచ్చిపోయాడని రాసుకుంటారేమో! కళ్లు మూసుకునే, పెదవులు కదలకుండా, "ముందు నా ఊపిరి చూడండి" అన్నాడు.

నలుగురూ ఉలిక్కిపడి ఊపిరి చూశారు.

"ఎడమ కాలు విరిగింది. బద్దలు. మోకాలి పైన ఒక కట్టు... గట్టిగా కాదురా నాయనా, రక్తం ఆడాలి... ఆఁ. ఇప్పుడు లేపండి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అబ్బో, ఎంత చక్కటి గొంతు! ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుంది? మాట తర్వాత మాట అలా వచ్చేస్తోంది, దళం అలా కదిలిపోతోంది. మనవాడికి కాస్త గర్వం కూడా తలకెక్కింది. ఆ తలకెక్కడంతోనే కొంప మునిగింది.

బడి మెట్లెక్కి వరండాలోకి చేర్చాలి. మెట్లెక్కించేటప్పుడు పేషెంటు తల ముందుండాలి, అందుకని స్ట్రెచర్‌ను తిప్పారు. మలుపు దగ్గర మనవాడు ధీమాగా "ఎడమకి తిరగండి" అని ఆజ్ఞాపించాడు. అతని ఎడమ సరైనదే. కానీ తల ముందుగా వెల్లకిలా పోతున్నవాడి ఎడమ, మోసేవాళ్లకు కుడి. ఆ తేడా పేషెంటుకు తట్టలేదు, మోసేవాళ్లకు ఆలోచించే అవసరమే తోచలేదు. ఇంత చక్కగా చెబుతున్నవాణ్ణి ఎవరు కాదంటారు? నలుగురూ ఒక్కుమ్మడిగా తిరిగి అతని మోచేతిని తీసుకెళ్లి స్తంభానికి కొట్టారు.

"అమ్మా! చచ్చాన్రా దేవుడో!" అని లేచి కూర్చున్నాడు స్పృహ తప్పినవాడు.

మీసమాయన పెన్ను మూత పెట్టాడు. "నా సర్వీసులో ఎంతోమంది స్పృహ లేనివాళ్లను మోశాను. నాకు దారి చెప్పినవాడు ఒక్కడూ లేడు" అన్నాడు. తర్వాత అందరినీ వరసగా నిలబెట్టి, "ఈ దళాన్ని నడిపించింది ఎవరు?" అని అడిగాడు.

వేళ్లన్నీ స్ట్రెచర్ వైపు తిరిగాయి. అన్నిటికంటే ముందు లేచింది కెప్టెనక్క వేలే.

"అలాగా. వచ్చే నెల మళ్లీ వస్తాను. ఈసారి ఇతను నాయకుడు, నిలబడి నడిపించాలి. ఆవిడ పేషెంటు. అప్పుడూ కుదరకపోతే ఈ దళాన్ని మూసేసి, స్ట్రెచర్ ఇంకెవరికైనా ఇస్తాం."

మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే. ఆ నెలంతా కెప్టెనక్క అతన్ని గది మధ్యలో నిలబెట్టి కేకలు వేయించింది. "కడుపులోంచి రావాలి తమ్ముడూ! బస్సు కదలాలి నీ కేకకి!" అతను వేసిన కేకకు కిటికీ మీది పిచ్చుక కూడా కదల్లేదు. ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆజ్ఞలిచ్చి చూశాడు. అద్దంలోని మనిషి మీద జాలేసి ఆపేశాడు. కడుపు నొప్పని పడుకుందామనుకున్నాడు గానీ, పడుకుని పడుకునే కదా ఇంతవరకూ వచ్చింది!

పరీక్ష రోజున మావయ్య కూడా వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అది చాలదన్నట్టు, "గోడౌన్ శుభ్రం చేయించాన్రా అల్లుడూ" అని చెప్పాడు.

"మొదలుపెట్టండి" అన్నాడు మీసమాయన.

మనవాడు నిలబడ్డాడు. అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. గొంతులో తలుపు టక్కున మూసుకుంది. నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. మావయ్య తల దించుకోవడం కనిపించింది. ఛీ, ఎందుకూ కొరగాని బతుకు, గోడౌనే నయం అనుకున్నాడు. తలెత్తి ఎవరి మొహమూ చూడలేక కిందికి చూశాడు.

కింద, దుప్పటి మీద, కెప్టెనక్క ఉంది. కళ్లు గట్టిగా మూసుకుంది. రెండు చేతులతోనూ దుప్పటి అంచులను పిడికిళ్లతో బిగించి పట్టుకుంది. ఆ పట్టు అతనికి తెలుసు. ఇన్ని నెలలుగా తాను పట్టిన పట్టే అది. నేల ఎప్పుడు మాయమవుతుందో తెలియని మనిషి పట్టే పట్టు.

అయ్యో అనిపించింది. అలా అనిపించగానే మోకాళ్ల మీద కూర్చుండిపోయి, ఆవిడ చెవి దగ్గర, "అక్కా, నేనిక్కడే ఉన్నా" అన్నాడు.

గొంతు వచ్చింది.

"భయపడకు. ముందు నీ ఊపిరి చూస్తారు." కవలల్లో పెద్దవాడు వంగి ఊపిరి చూశాడు. "ఇప్పుడు కాలికి బద్దలు పెడతారక్కా. చల్లగా తగుల్తాయి, అంతే." ఎలక్ట్రీషియన్ బద్దలందుకున్నాడు. "బేకరీ చెల్లి నీ తల పట్టుకుంటుంది, నువ్వు తిప్పకు." ఆ అమ్మాయి వచ్చి తల పట్టుకుంది. "ఇక స్ట్రెచర్ మీదికి మారుస్తారు. ఆ తర్వాత లేపుతారు. ఒక్కసారిగా నేల పోయినట్టుంటుంది, ఏం కాదు, పట్టుకునే ఉన్నారు. ఒకటి, రెండు, మూడు అంటాను, మూడుకి లేస్తావు."

మూడుకి లేచింది. కెప్టెనక్క పిడికిళ్లు మెల్లగా వదులయ్యాయి.

మెట్ల దగ్గర అతను పక్కనే నడుస్తూ, "మలుపొస్తోందక్కా, నీ కుడి చెయ్యి లోపల పెట్టుకో. స్తంభం అటే ఉంది, నాకు బాగా తెలుసు" అన్నాడు. మోసేవాళ్లు స్తంభానికి ఇంత దూరంగా తిరిగారు. వరండాలో స్ట్రెచర్ కప్పు పాలు కూడా ఒలకనంత నెమ్మదిగా దిగింది.

మీసమాయన కాగితం కేసి, మనవాడి కేసి మార్చి మార్చి చూశాడు. "ఇక్కడ 'ఆజ్ఞలు స్పష్టంగా ఇచ్చాడా' అని ఉంది. నువ్వు ఒక్క ఆజ్ఞా ఇవ్వలేదు కదయ్యా. అంతా ఆవిడతోనే మాట్లాడావు. మరి వీళ్లంతా ఎలా చేశారు?"

మనవాడు నిలబడి ఉన్నాడు కాబట్టి, సమాధానం రాలేదు. చిరునవ్వు నవ్వాడు.

"మాకు వినబడుతోంది కదండీ" అంది బేకరీ అమ్మాయి. "ఆమెకి ఏం చెబితే మేం అది చేశాం."

మీసమాయన కాసేపు మీసం దువ్వుకుని ఏదో రాసి సంతకం పెట్టాడు. "సేవకు పనికొస్తారు. ఇలాంటి గొంతు ఒకటి పక్కనుంటే దెబ్బ తగిలినా పర్లేదనిపిస్తుంది" అన్నాడు.

కెప్టెనక్క స్ట్రెచర్ మీంచి ఇంకా లేవలేదు. కళ్లు తుడుచుకుంటోంది. "ఇన్ని నెలలూ నిన్ను ఎత్తి కుదేశాం. ఒక్కనాడైనా నీకో మాట చెప్పలేదు కదరా తమ్ముడూ. ఇంత భయంగా ఉంటుందని నాకేం తెలుసు?" అంది. ఎప్పుడూ లేనిది, చిన్న గొంతుతో అంది. మనవాడికి కూడా కళ్లు చెమ్మగిల్లాయి. ఆవిడ పడుకునే ఉంది కాబట్టి, "పర్లేదక్కా" అని పైకే అనగలిగాడు. ఆ వారం నుంచి దళంలో ప్రతివాడూ వంతులవారీగా పేషెంటు కావాలని కెప్టెనక్క పాత గొంతుతోనే శాసించింది.

మర్నాడు పొద్దున దుకాణానికి ఒక ముసలాయన వచ్చి పరుపు ధర అడిగాడు. మనవాడి వేలు అలవాటుగా చీటీ వైపు వెళ్లింది. నాయకత్వమూ లేదు, నా బొందా లేదు, నిన్నటిది నిన్ననే అయిపోయింది అనుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంతలో ముసలాయన నడుం పట్టుకుని మూలగడం విన్నాడు. "పడుకుని చూడండి తాతగారూ" అన్నాడు గబుక్కున. ఆయన పడుకున్నాడు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "ముందు కాస్త గట్టిగా అనిపిస్తుంది, కంగారు పడకండి. నడుం ఇప్పుడు కుదురుకుంటుంది. ఆ కాలు కూడా చాపండి" అని మొదలుపెట్టాడు. ముసలాయన పరుపుతో పాటు దిండు కూడా కొనుక్కుని వెళ్లాడు.

మావయ్య ఇదంతా కౌంటర్లోంచి చూస్తూ ఉన్నాడు. దుకాణంలో ఎవరూ లేకుండా చూసి, చెప్పులు విప్పి, తన పరుపుల్లో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదాని మీదికెక్కి వెల్లకిలా పడుకున్నాడు.

"ఏదీ, నాకు చెప్పు."

"నేనిక్కడే ఉన్నా మావయ్యా" అన్నాడు మనవాడు స్టూలు దగ్గరికి జరుపుకుని. "కళ్లు మూసుకోండి. పొద్దుట్నుంచీ అరిచి అరిచి అలిసిపోయారు. మీ భుజాలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి, వదిలెయ్యండి. కింద పడరు. పరుపు పట్టుకునే ఉంటుంది."

చాలాసేపు మావయ్య కదల్లేదు. నిద్రపోయాడేమో అనుకునేంతలో కళ్లు తెరవకుండానే గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఎంతకిస్తావురా?"

"మనదే కదా మావయ్యా!"

"అయితే ఏం? కొనాలనిపిస్తోంది."